తొలి అతుకు

చీర పూర్తయ్యాక దశరథం మగ్గాన్ని బోసిగా వదలడు. నిలువు పోగుల పడుగు జానెడు మిగిల్చి చీర కోస్తాడు. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే ఆ పాత కొసలకు మెలిపెట్టి అతుకుతాడు. గద్వాలలో నేతగాళ్ల పని ఇంతే. కొడుకు పడుగు తండ్రి పడుగుకు, అది తాత పడుగుకు అతికి ఉంటుంది. అతుకు దగ్గర చెవి పెడితే అతికినవాళ్ల మాటలు వినబడతాయి. దశరథం తండ్రి పోయాక కూడా, పోగు తెగినప్పుడల్లా అక్కడినుంచే కొడుకును తిట్టేవాడు. పేటలో ఎవరికీ ఇదొక వింత కాదు.

కాపురానికి వచ్చిన కొత్తలో దశరథం భార్య బాలనాగమ్మ దసరాకు ఇల్లు దులుపుతూ, ఆ జానెడు పడుగును చెత్త అనుకుని మొదలంటా కత్తిరించేసింది. అయిజలో ఆమె పుట్టింటి మగ్గం ఎప్పుడో మూలపడింది, ఆ పిల్లకేం తెలుసు? దశరథం రోజుల తరబడి కూర్చుని పోగులన్నీ మళ్లీ ఎక్కించాడు. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టి నెలలోపే జ్వరంతో పోయారు. యుద్ధం వచ్చి నూలు కరువైంది. అన్నిటికీ అత్త జోగులమ్మ ఒకటే మొదలు చూపించేది: కోడలి కత్తెర. పెద్దల గొంతులు తెగిపోయాయి, ఇక వినడానికేముందని అతుకు దగ్గర ఎవరూ చెవి పెట్టలేదు.

ఇప్పుడు బాలనాగమ్మకు మూడో నెల. ఈసారి కీడు ఇంట్లోకి రాకూడదని జోగులమ్మ అయిజకు కబురు పెట్టింది. కోడలి అన్న చిన్నయ్య బండి కట్టుకుని వచ్చాడు. వనపర్తిలో దశరథానికి ఇంకో పిల్లను చూసి ఉంచారని, ఈ బండి ఎక్కితే తిరిగి రావడం ఉండదని బాలనాగమ్మకు తెలుసు. మూట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది.

చీరలు కొనేందుకు వచ్చిన వ్యాపారి బాబు మియా బండిని చూసి, సంగతి తెలిసి జోగులమ్మ దగ్గర ఆగాడు.

"పిల్లలు ఎందుకు పోయిన్రక్కా?"

"జరమొచ్చి."

"జరమెందుకొచ్చింది?"

"ఇంటికి కీడు వట్టింది. ఇది పెద్దల పడుగు తెంపింది గద! అదే మొదలు. ఇంగ దాని ఎన్కకేం లేదు."

"మొదలు ఒకటుండాలె, నేను గూడ ఒప్పుకుంట. అన్నిటికి మొదలు అల్లా అంటం మేము. గని ఆయన జాగల ఈ పిల్లను కూసోవెడ్తవా?"

దశరథం అడ్డుపడ్డాడు. "మొదలే లేకపోతే? అతుకు ఎన్క అతుకు, గట్లనే పోతుంటే?"

"పట్టుకునేటోడు లేకుండ పడుగు గాలిల నిలుస్తదా?"

"మరి ఆ పట్టుకునేటోన్ని ఎవరు పట్టుకున్నరు?"

వేదాంతం మీద దశరథానికి ఏనాడూ మోజు లేదు. మొదలంటూ ఒకటి ఉంటే భార్య బండెక్కుతుంది, అంతే అతని భయం.

"కొట్లాట ఎందుకు?" అన్నాడు బాబు మియా. "అక్కా, అతుకు దగ్గర నువ్వే ఇను. నీ కొడుకు గొంతే ఆఖరుదైతే నువ్వన్నదే నిజం."

మొదలంటా కోసింది తనే, ఇంకెవరి గొంతు ఉంటుంది అనుకుంది బాలనాగమ్మ.

జోగులమ్మ వంగి అతుకు దగ్గర చెవి పెట్టింది. అతుకులోంచి దశరథం గొంతు పోగులు లెక్కపెడుతోంది. "ఇగో, నా కొడుకే. ఎన్క ఏం లేదు" అని లేవబోయి, మళ్లీ వంగింది. లెక్క వెనకాల కత్తెర చప్పుడు. ఆ వెనక పోయిన మొగుడి తిట్లు, వాటి వెనక ఎవరో పిల్ల గొంతు నొక్కుకుని ఏడుస్తోంది. "మామ చూడకముందే అతుకుత తల్లీ, చూడకముందే అతుకుత."

అది బాలనాగమ్మ కాదు. పదహారేళ్లప్పటి తన గొంతే. తానూ ఆ పడుగు కోసి దొంగచాటుగా అతికింది, నలభై ఏళ్లుగా కట్టుకున్నవాడికి కూడా చెప్పని తప్పు. జోగులమ్మ చెవి మాత్రం తీయలేదు, ఇంకా వెనక్కి వింది.

"మొదలు దొరికిందా అక్కా?" అన్నాడు బాబు మియా.

"తెల్వదు బాబు మియా. నాకంటె ముందు గూడ ఒక పిల్ల ఏడుస్తుంది. దాని ఎన్క ఇంగొకతె."

ఆమె గడప దగ్గరికి వచ్చి కోడలి ఒళ్లోని మూట తీసుకుని లోపల పెట్టింది. చిన్నయ్యను తిని పొమ్మంది, బండి ఖాళీగానే తోలుకుపొమ్మంది. బాలనాగమ్మ చేతులు పట్టుకుని జోగులమ్మ మగ్గం దగ్గరికి నడిపించింది.

"దా బిడ్డా, ఏది కోయొద్దో చూపిస్త. నాకెవ్వరు చూపియ్యలే."