రెండో గిటారు

మధ్యాహ్నం మూడింటికి గేర్‌బాక్సు మా గిటార్ల రిపేరు షాపులోకి వచ్చి, వచ్చీ రాగానే షట్టరు సగానికి దింపించేశాడు. రిపేరు కోసం వచ్చినవాడు షట్టరు దించడు.

గేర్‌బాక్సు అంటే మనిషే. రెండు వీధుల అవతల లారీల గ్యారేజీ ఆయనది. మెడ అనేది లేదు, తల నేరుగా భుజాల మీదే ఉంటుంది. పాత గిటార్లంటే పిచ్చి. వాయించడం మాత్రం రాదు. గోడకు తగిలించి వచ్చినవాళ్ళందరికీ చూపించుకోవడమే ఆయన సంగీతం. ఆ రోజు ఒక చేత్తో గిటారు పెట్టె పట్టుకుని, రెండో చేత్తో మా తమ్ముణ్ణి కాలరు పట్టి ఈడ్చుకొచ్చాడు. వెనకాల ఆయన బామ్మర్ది, చేతిలో రెండు కిలోల సుత్తి. తమ్ముడి పెదవి చిట్లి, చొక్కా ముందు భాగమంతా రక్తమయింది.

నేను బెంచి దగ్గర సోల్డరింగ్ ఐరన్‌తో ఒక తీగ అతికిస్తున్నాను. దాన్ని కింద పెట్టలేదు.

"ఏంటిది?" అన్నాను.

"మీ తమ్ముణ్ణే అడుగు. నిన్న బారులో పదిమంది ముందు ఏం వాగాడో చెప్పమను."

తమ్ముడు నేల చూపులు చూశాడు. "నోరు జారానక్కా."

వాడి నోట్లో నువ్వుగింజ నానదు, చిన్నప్పటినుంచీ అంతే. "గేర్‌బాక్సు గోడకు తగిలించుకున్నది మా అక్క చేసిన కాపీ. అరవై రెండులో తయారైన అసలుది, మా నాన్నది, మా ఇంట్లోనే ఉంది" అన్నాడట. అని నవ్వాడట కూడా. గేర్‌బాక్సు ఆ మాటలు ఒక్కొక్కటీ నాకు అప్పజెబుతుంటే ఆయన దవడ అదురుతోంది.

ఇందులో నాకు కొత్తగా తెలిసింది వేరే ఉంది. ఆ కాపీని మూడు నెలల క్రితం బస్సులో ఎవడో కొట్టేశాడని తమ్ముడు నాతో చెప్పాడు. ఆ దొంగను నేను వారం రోజులు తిట్టిపోశాను. ఆ దొంగ మా తమ్ముడే, దాన్ని అసలుదని చెప్పి అమ్ముకుని నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఒళ్ళు మండిపోయింది. గేర్‌బాక్సు కొట్టని చెంప ఏదో చూసుకుని, దాని మీద లాగి ఒక్కటిచ్చాను. వాడు వెళ్ళి వార్నిష్ డబ్బాల మీద పడ్డాడు.

"మీ ఇంటి గొడవ తర్వాత చూసుకోండి," అన్నాడు బామ్మర్ది.

అసలు ఆ కాపీ ఎందుకు పుట్టిందో చెప్పాలి. మా నాన్న హోటళ్ళలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. ఆ గిటారు మీద ఆయన మోచెయ్యి ఆనేచోట రంగు పోయి, కింద కర్ర నున్నగా తేలింది. ఏడాదికోసారి గిటారు మెడను ఒంటికి బిగించే మరలు నాలుగూ విప్పి, శుభ్రం చేసి, మెడ చివర తయారుచేసినవాళ్ళు పెన్సిల్‌తో రాసిన తేదీని మా ఇద్దరికీ చూపించేవాడు. మార్చి పన్నెండు, అరవై రెండు. తమ్ముడు అంకెలు గుర్తుపట్టడం నేర్చుకున్నది దాని మీదే. నాన్న పోయాక వాడు దాన్ని పార్టీలకు మోసుకెళ్ళడం మొదలుపెట్టి, రెండుసార్లు ఆటోలో మరిచిపోయాడు. ఇక లాభం లేదని నేనే ఇంకోటి చేశాను. అదే కర్ర, అదే రంగు. తాళాల గుత్తితో కొట్టి, నేల మీద దొర్లించి, మోచెయ్యి ఆనేచోట ఇసుక కాగితంతో గీకి, పాతది చేశాను. ఇప్పుడు కంపెనీలవాళ్ళే పాత మోడళ్ళను మళ్ళీ చేసి, అరిగినట్టు గీతలు పెట్టి మరీ అమ్ముతున్నారు. కానీ ఇది కొత్తదని వాటి మీద రాసి ఉంటుంది. నేను చేసినదాని మీద ఏమీ రాయలేదు. నాన్న పెన్సిల్ తేదీని దొంగరాత రాయడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు.

తమ్ముడు దాన్ని వాయించి మొహం ముడుచుకున్నాడు. "చూడ్డానికి నాన్నదేనక్కా, గొంతే నాన్నది కాదు" అన్నాడు. ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. చివరికి వాడికి చెప్పకుండా, నాన్న గిటారు లోపలున్న, దాని గొంతుకు కారణమైన పాత పికప్‌లు, శబ్దం పెంచీ తగ్గించే కంట్రోళ్ళు, కరెంటు తీగలతో సహా మొత్తం పీకి కాపీలో బిగించాను. నాన్నదాంట్లో కొత్త సామాను పెట్టి, షాపు వెనక మేముండే గదిలో, బీరువాలో దుప్పట్ల వెనక దాచాను. ఎలాగూ దాన్ని వాయించేవాళ్ళు లేరు, తర్వాత ఎప్పుడైనా మార్చేద్దాంలే అనుకున్నాను. వాడికి చెబితే టముకు వేసినట్టేనని చెప్పలేదు.

గేర్‌బాక్సు తమ్ముణ్ణి డబ్బాల మీంచి లేపి, ఎడమ చెయ్యి పట్టి కర్రను కదలకుండా బిగించే నా బెంచి వైసు ఇనప దవడల మధ్య పెట్టాడు. తీగలు నొక్కే నాలుగు వేళ్ళూ. వాడికి చదువు అబ్బలేదు, ఇంకో పని రాదు. ఆ నాలుగు వేళ్ళే వాడి బతుకు.

నేను ఆలోచించలేదు. సోల్డరింగ్ ఐరన్‌ని గేర్‌బాక్సు ముంజేతిలో దిగేసి అలాగే నొక్కిపట్టాను. వెంట్రుకలు, చర్మం కాలిన వాసన గుప్పుమంది. ఆయన కేక పెట్టి, మోచేత్తో నా మొహం మీద కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి, నోట్లో ఒక పన్ను కదిలింది. తేరుకునేలోపు బామ్మర్ది నా ఎడమ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. మడమతో వాడి పాదం తొక్కాను, పిక్క మీద తన్నాను, మణికట్టు కొరికాను. వాడు నా చేతిని ఇంకొంచెం పైకి విరిచాడు. భుజంలో ఏదో టక్కుమంది.

గేర్‌బాక్సు కాలిన చేత్తోనే వైసు హ్యాండిల్ తిప్పాడు. సగం చుట్టు. తమ్ముడు నవ్వబోయాడు. ఇంకో సగం తిప్పాడు. మడతపడి ఇరుక్కున్న చిటికెన వేలి గోరు చిట్లి రక్తం ఇనుము మీదుగా కారింది, లోపల ఎముక విరిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది. వాడు అమ్మా అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అసలుది తీసుకురా," అన్నాడు గేర్‌బాక్సు. "తెస్తే మూడు వేళ్ళు మిగులుతాయి."

ఇచ్చేద్దామనే వెళ్ళాను, ఒట్టు. వెనకగదిలో, బామ్మర్ది సుత్తితో నా వీపు పొడుస్తుండగా, బీరువా తెరిచి దుప్పట్లు లాగి పారేసి నాన్న గిటారు తీశాను. నాన్న పోయిన రోజు నేను ఏడవలేదు, చుట్టాలందరూ చెవులు కొరుక్కున్నారు. ఆ ఏడుపంతా అప్పుడొచ్చింది. ముక్కు తుడుచుకుంటే చేతికి రక్తం అంటింది.

గేర్‌బాక్సు రెండు గిటార్లనూ బెంచి మీద పక్కపక్కన పెట్టాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"బండి సంగతి బానెట్ ఎత్తితే తెలుస్తుంది," అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ బానెట్ల కింద ఏముందో నాకొక్కదానికే తెలుసు. ఆయన ముందరి ప్లాస్టిక్ పలకలు రెండూ విప్పాడు. తన గిటారులో గుడ్డ చుట్టిన పాత తీగలు, మసిబారిన అతుకులు, కంట్రోళ్ళ వీపున అచ్చుగుద్దిన అంకెలు. అరవై రెండో సంవత్సరం, నాలుగో వారం. ఆయనకు అవి చదవడం వచ్చు. నాన్న గిటారులో ప్లాస్టిక్ తీగలు, నిన్నో మొన్నో వేసినట్టు మెరిసే అతుకులు.

రెండింటినీ మార్చి మార్చి చూశాడు. నేను నిజం చెప్పడానికి నోరు తెరిచాను. లోపలి సామాను నేనే మార్చాను, మెడ మరలు విప్పి చూడండి, తేదీ ఉంటుంది. అంతే చెప్పాలి. ఆయన అసలుది పట్టుకుపోయేవాడు, తమ్ముడి చెయ్యి బయటపడేది.

కానీ అప్పటికే ఆయన మొహం విప్పారుతోంది. "నాదే అసలుది," అన్నాడు, నన్ను బతిమాలుతున్నట్టుగా. ఆయనకు కావలసింది నిజం కాదు, తన గోడ మీదున్నదే నిజమని ఒకరు ఒప్పుకోవడం. నాకు ఆశ పుట్టింది. వేళ్ళూ దక్కుతాయి, నాన్న గిటారూ దక్కుతుంది.

"అవును. మీదే అసలుది," అన్నాను. "వీడు దాన్ని నాకు తెలియకుండా మీకు అమ్మేశాడు. తాగినప్పుడు పదిమంది ముందు పెద్దరికం కోసం కోతలు కోశాడు. ఇది నేను చేసిన కాపీ."

ఆ ఒక్క నిమిషం నా అంత తెలివైనది ఈ భూమ్మీద లేదనుకున్నాను.

గేర్‌బాక్సు తన గిటారును పెట్టెలో పడుకోబెట్టి, గొళ్ళేలు వేశాడు. తర్వాత నాన్న గిటారు వంక చూశాడు. "మరి కాపీని బీరువాలో ఎందుకు దాచావు? రేపు దీన్ని కూడా అసలుదని ఇంకొకడికి అంటగడతారు. అప్పుడు మళ్ళీ నాదే కాపీ అంటారు." బామ్మర్ది చేతిలోంచి సుత్తి తీసుకుని నాకు అందించాడు. "రెండోది ఉండకూడదు. కొట్టు."

"నేనా?"

"నువ్వు చేసిందేగా. చెయ్యి వణికిందంటే మాత్రం ఇది అసలుదని అర్థం." ఆయన వెళ్ళి వైసు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

ఇప్పుడు నిజం చెబితే అబద్ధం చెప్పినందుకు మిగతా మూడు వేళ్ళూ నలిపేస్తాడు. ఆయన కళ్ళలో అది కనబడుతూనే ఉంది. తమ్ముడు రక్తం ఉమ్మేసి, నా వైపు చూసి కన్ను కొట్టాడు. "కొట్టక్కా, కాపీయేగా. ఇంకోటి చేసుకుందాం."

గిటారును నేల మీద పెట్టి కొట్టాను. మొదటి దెబ్బకు కర్ర పగల్లేదు, ఆరు తీగలూ ఒక్కసారి మోగాయి. నాన్న మోచెయ్యి ఆనిన చోటు చూసి రెండో దెబ్బ వేశాను. చెయ్యి వణకలేదు. కోపంతో కొట్టాను కాబట్టి వణకలేదు. తమ్ముడి మీద కోపం, గేర్‌బాక్సు మీద కోపం, అన్నిటికన్నా నా మీద కోపం. మూడో దెబ్బకు గిటారు ఒళ్ళు నిలువునా చీలింది. నాలుగో దెబ్బకు మరలు ఊడి మెడ ఎగిరి, తేదీ ఉన్న వైపు పైకి తిరిగి నా కాళ్ళ దగ్గర పడింది.

నేను కాలు వేసి తొక్కాను.

"మెడ బాగానే ఉంది బావా, తీసుకుందామా?" అన్నాడు బామ్మర్ది, వంగుతూ.

"అదీ ఉండకూడదు," అన్నాను. తొక్కిన కాలు తియ్యకుండా మెడ మధ్యలో సుత్తితో మోదాను. రెండోసారికి అది విరిగింది. విరిగిన కర్ర మొన లేచి నా చెప్పును చీల్చుకుని అరికాల్లో దిగింది. వేడిగా రక్తం కారడం తెలుస్తోంది. కాలు కదపలేదు.

గేర్‌బాక్సు విరిగిన తల భాగం తీసుకుని జేబులో దోపుకున్నాడు. "అసలుదాని పక్కన తగిలిస్తా. అడిగినవాళ్ళకు తేడా చెప్పొచ్చు." వైసు వదులు చేశాడు. కాలిన చెయ్యి ఊదుకుంటూ, పెట్టె పట్టుకుని, షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు. బామ్మర్ది సుత్తి తీసుకోవడం మరిచిపోయి, మళ్ళీ వచ్చి తీసుకుని వెళ్ళాడు.

తమ్ముడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. చిటికెన వేలు పక్కకు వంగిపోయింది. మిగతా మూడూ ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాడు.

"పనిచేస్తున్నాయక్కా," అన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు. "నీ బుర్రే బుర్ర. ఈ ఇంకో కాపీ ఎప్పుడు చేశావు? నాన్నది ఎక్కడ దాచావు?"

కాలు పైకెత్తాను. అరికాల్లోంచి మొన బయటికొస్తుంటే ప్రాణం పోయినట్టయింది. వాడు మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, ఆ ముక్క మీది రక్తాన్ని కుడిచేతి బొటనవేలితో తుడిచాడు. పెన్సిల్ గీతలు కనబడ్డాయి. చిన్నప్పటిలాగే ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివాడు. పన్నెండు. మూడు. అరవై రెండు.

చదివి నా మొహంలోకి చూశాడు. లేచి, బెంచి దగ్గరికి వెళ్ళి, ఎడమ చెయ్యి మళ్ళీ వైసులో పెట్టాడు.

"తిప్పక్కా."

కుంటుకుంటూ వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాను. తిప్పాలనే అనిపించింది, అబద్ధమెందుకు. చివరికి హ్యాండిల్ వదిలేశాను.

"అందులో పెట్టాల్సింది నీ వేళ్ళు కాదురా," అన్నాను. "నా నాలుక. మెడ విప్పి చూడమని ఒక్క మాట అంటే, గేర్‌బాక్సు గోడ మీదైనా నాన్నది బతికేది."

వాడి చెయ్యి బయటికి తీసి, నా చున్నీ చింపి చిటికెన వేలికి కట్టు కట్టాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాం. దారి పొడుగునా వాడి నోట్లో నువ్వుగింజ నానుతూనే ఉంది.