వినుగది

ఆషాఢమేఘములు దిక్కులన్నిటిని కప్పి మూడుదినములు ఎడతెఱపి లేక వర్షించుటచే గౌతమి పొంగి లంకలను ముంచి ఎఱ్ఱని నీటితో రేవుమెట్ల నొక్కొక్కటిగా నాక్రమించుచుండెను. కొట్టుకొనివచ్చిన తాటిమ్రాకులును గుడిసెల కప్పులును ప్రవాహమధ్యమున సుడులందు చిక్కి వెలువడు మార్గము గానక తిరిగినచోటనే తిరుగుచుండెను. ఆ యేటిగట్టుననున్న ఆర్తరక్షణ సమాజమువారి పెంకుటింటికి మాత్రము ఆ యుదయమున మామిడితోరణములు కట్టుచుండిరి. మధ్యాహ్నము మూడుగంటలకు అందు మాణిక్యాంబకు సన్మానసభ జరుగనుండెను.

దిక్కులేని స్త్రీలకు ఆశ్రయమిచ్చు ఆ ధర్మసంస్థయం దొక విచిత్రమైన నియమము గలదు. క్రొత్తగా వచ్చిన స్త్రీ తన కథ నొక్కసారి మాత్రమే ఒక్కరికి మాత్రమే చెప్పవలెను. పదిమందియెదుట పదిసార్లు తన పుండును విప్పిచూపు దుర్గతి ఆమెకు కలుగరాదని సంస్థాపకుల యుద్దేశము. విన్నవారు దానిని వ్రాయరాదు, ఇతరులతో ననరాదు. కావలసిన సహాయ మేదో దానిని మాత్రము కార్యాలయమున చెప్పి తక్కినదానిని తమలోనే దాచుకొనవలెను. అందులకై తోటవైపున నొక చిన్నగది గలదు. దానిని వినుగది యందురు. పండ్రెండేండ్లనుండి అందు కూర్చుండి వినునది మాణిక్యాంబ యొక్కతెయే.

విన్నవన్నియు ఆమెయందే యుండెను. అన్నము కలుపుకొనుచుండగా నెవతె వీపుపైనో కాల్చిన వాతలు జ్ఞప్తికి వచ్చి చేయి యాగిపోవును. తలుపుగడియ చప్పుడైనచో నులికిపడును. ఎవరితోనైన చెప్పుకొందమన్న నియమ మడ్డు. విడిచిపోదమన్న ఆ గదిలో కూర్చుండుటకు వేఱొకరు లేరు. ఈ రెండేండ్లలో మూడుసార్లు సెలవు కోరి చీటి వ్రాసెను. మూడవచీటిని చదివిన అధ్యక్షులు పేరిశాస్త్రిగారు ఇన్నేండ్ల సేవకు తగిన గౌరవము జరుగమిచే ఆమె మనసు చిన్నబోయినదని నిశ్చయించి, సెలవునకు బదులు శాలువయు కరుణామయి యను బిరుదమును మంజూరు చేయించిరి.

“నాకు శాలువా వద్దండి. మూడు నెలలు సెలవిప్పించండి” అని ఆమె తోరణముల క్రింద నిలిచి మఱల నడిగెను.

“సెలవు గుమాస్తాలకమ్మా. దేవతలకెక్కడ ఉంటుంది?” అని శాస్త్రిగారు నవ్విరి. “అయినా నువ్వెళ్తే ఆ గదిలో కూర్చునేదెవరు? నేను కూర్చుంటే ఒక్కర్తీ నోరిప్పదు.”

“మీరు మూస్తే కదండీ వాళ్ళు విప్పడానికి” అని ఆ దారిని బిందెతో పోవుచున్న వంటమనిషి సూరమ్మ గొణిగెను.

అప్పుడే తడిసి ముద్దయైన యొక పడుచు గుమ్మమున వచ్చి నిలిచెను. పేరు నూకాలు. మాణిక్యాంబ ఆమెను వినుగదిలోనికి గొనిపోయి తలుపు మూసెను.

నూకాలు చెప్పసాగెను. మొదటి రెండుమాటలు మాణిక్యాంబకు వినబడెను. అటుపిమ్మట ఆ పడుచు పెదవులు కదలుటయే కాని మాట చెవిసోకలేదు. ఏటిహోరువంటి దేదియో గదియెల్ల నిండెను. పండ్రెండేండ్ల యభ్యాసమువలన తల తగినచోట్ల నూగుచుండెను. చేయి తగినసమయమున ముందునకు సాగి నూకాలి చేతిని పట్టుకొనెను. కడపట నూకాలు చేతులు జోడించి యేదియో యడిగెను.

“అలాగేనమ్మా. చూస్తాం” అనెను మాణిక్యాంబ.

నూకాలు కన్నులు తుడిచికొని ఆమె పాదములు తాకి వెడలిపోయెను. ఏమి చూడవలెనో మాణిక్యాంబ యెఱుగదు.

భోజనవేళకు సూరమ్మ వచ్చి “ఆ కొత్తమ్మాయి తనాకు పక్కన ఇంకో ఆకు వేయించిందండీ. చెల్లొస్తుందంట. మీరు మాటిచ్చారంట” అని చెప్పెను.

మాణిక్యాంబ దిగ్గున లేచెను. ఎవతె యా చెల్లెలు? ఎక్కడనున్నది? మఱల నడిగినచో నియమము చెడును. అంతకన్న ఘోరముగా తన తలయూపు విలువ యెంతో ఆ యింటనున్న స్త్రీలందఱకును తెలిసిపోవును. అయినను అడుగుదమనియే భోజనశాలకు పోయెను. నూకాలు పైటచెఱగుతో ఆ రెండవయాకుమీది యీగలను తోలుచుండెను.

“ఏ యేళకొచ్చేత్తదండీ?”

“వస్తుంది” అనెను మాణిక్యాంబ. ఆ యబద్ధమును విని తానే భయపడెను. ఇంతలో సభకు వేళయైనదని నలువురు స్త్రీలు వచ్చి చేతులు పట్టుకొని ఆమెను వేదికపైకి నడిపించిరి.

“ఏడువందల మంది కన్నీళ్ళు ఈ తల్లి కడుపులో దాచుకుంది. ఒక్క బొట్టు బయటికి తొణకలేదు” అని శాస్త్రిగారు శాలువ కప్పిరి. కరతాళధ్వనులు మ్రోగెను. ఆ పట్టుబరువు భుజములపై పడగనే మాణిక్యాంబకు కుండపై మూతవలె తోచెను. చివరివరుసయందు నూకాలు వేదికవంక చూడక వాకిలివంకనే చూచుచుండెను. గోడగడియారము మూడున్నర చూపుచుండెను.

మాణిక్యాంబ లేచెను. బదులుపన్యాస మిచ్చునని అందఱు సర్దుకొని కూర్చుండిరి. ఆమె వేదిక దిగి జనమధ్యమునుండి నడచి నూకాలియెదుట నిలిచెను.

“అమ్మాయీ, పొద్దున నువ్వు చెప్పింది నేను వినలేదు.”

“తలూపేరు గదండీ” అనెను నూకాలు.

“ఊపాను. వినలేదు. మళ్ళీ చెప్పు.”

నూకాలు నలుదిక్కుల చూచి తల వంచుకొనియే చెప్పెను. “మా చిన్నాన చెల్లిని కూలోళ్ళని ఓడెక్కించే మేస్త్రీకి అప్పగించేసేడండి. నాలుగ్గంటల లాంచీకి ఎక్కించేత్తారు. అక్కణ్ణించి ఓడంట. ఎక్కడికో తెల్దండి.”

“సభ అయ్యాక చూద్దామమ్మా, పెద్దలున్నారు” అనిరి శాస్త్రిగారు.

“సభ అయ్యాక లాంచీ ఉండదండి” అని మాణిక్యాంబ పరుగిడెను.

ఆమెవెంట నూకాలును నూకాలివెంట సూరమ్మయు తక్కిన స్త్రీలును రేవుగట్టున బురదలో పడుచు లేచుచు పరుగెత్తిరి. లాంచి రెండవకూత కూసెను. లాంచి నడుపు సరంగు మోకు విప్పబోవుచుండగా సూరమ్మ పోయి ఆ మోకుముడిపై చతికిలబడెను. “నన్ను లేపి విప్పుకో నాయనా. నలుగురు పట్టాలి” అనెను. బస్తాలచాటున నోటిలో చెఱగు క్రుక్కుకొని యేడ్చుచున్న పిల్లను నూకాలు గుర్తించి యెత్తుకొనెను. మేస్త్రీ గుంపును చూచి అవతలిప్రక్క పడవలోనికి దుమికి జాఱుకొనెను.

దీపములు పెట్టువేళ శాస్త్రిగారు మాణిక్యాంబయున్న వసారాకు వచ్చిరి.

“ఎన్నాళ్ళనుంచి వినపడటం లేదమ్మా?”

“మొదటి చీటీ రాసిన నాటినుంచండి. ఆఫీసులో అందరికీ అన్నం, బట్ట అనే చెప్పాను.”

శాస్త్రిగారు లెక్క వేసికొనిరి. ఆ రెండేండ్లలో వినుగదిలో నోరువిప్పిన స్త్రీలు నూటనలువురు. వారిలో ఎందఱి చెల్లెండ్రు ఏ లాంచీ లెక్కిరో చెప్పగలవారు లేరు. ఆయన వెడలిపోయిరి. మఱునాడు వినుటకు ముగ్గురు వంతులవారీగా నియమింపబడిరి. విన్నవారు వారమున కొకసారి పేరులు చెప్పకయే తమ బరువును వైద్యునియొద్ద దించుకొనవచ్చునని నియమము మార్చబడెను. మాణిక్యాంబకు సెలవు దొరకెను. అన్యుల దుఃఖమును మోయువానిని దేవతయని కొలుచుట సులభము. అతడును మనుష్యుడే యని యొప్పుకొనుటకు ఆ యింటికి పండ్రెండేండ్లు పట్టెను.

ప్రయాణపుమూట కట్టుకొని ఆమె అరుగుపై బండికై యెదురుచూచుచుండగా నిరుటినుండి అక్కడనే యున్న అచ్చియ్యమ్మ యను వృద్ధురాలు వచ్చి ప్రక్కన కూర్చుండెను.

“నేను చెప్పినప్పుడు విన్నావా తల్లీ?”

“లేదు అవ్వా.”

“పోన్లే. నాకూ ఆ రోజు చెప్పాలని లేదు. చెప్తే అన్నం పెడతారన్నారు, చెప్పాను.” అవ్వ దగ్గరకు జరిగి “ఇప్పుడు చెప్పనా?” అనెను.

మాణిక్యాంబ తల ఊగబోయెను. ఆమె దాని నాపెను.

“ఇవాళ వద్దవ్వా. ఇవాళ వినలేను.”

“సరే” అని అవ్వ కదలక అచటనే కూర్చుండెను. వాన వెలిసెను. ఇరువురును ఒక్కమాటయు లేక బండి వచ్చువఱకు బాటవంక చూచుచుండిరి.