దుప్పటి కింద కోత

నిర్మల్ నుంచి వచ్చిన చిత్రకారుడు వెంకటేశ్ మిషన్ దవాఖానాలోని పాత బొమ్మను తుడిచి పక్కకు జరిగాడు. దొర డాక్టరు ఆరాధన ముత్తవ్వ రూతుకు ఆపరేషన్ చేస్తున్న బొమ్మ అది. దాన్ని చూసే ఆమె సర్జన్ అయింది.

“మేడం, ఈమె మీది గీ దుప్పటి బొమ్మ గీసినంక ఏసిన రంగు. తుడుస్తుంటే ఊడొచ్చింది.”

దుప్పటి పోయిన చోట కోత కనిపించింది. గొంతు నుంచి బొడ్డు కింది దాకా ఒకటే కోత. ఎక్కడా నెత్తురు లేదు. బతికున్న మనిషిని ఎవరూ అలా కోయరు. అది ఆపరేషన్ కాదు, శవపరీక్ష.

రూతును బతికించడానికి దొర ఆఖరి దాకా పోరాడాడని, ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయిందని ఆనాడు ఇంట్లో వాళ్లకు చెప్పారు. ఆ కృతజ్ఞతతోనే ముత్తాత తన భూమంతా దవాఖానాకు రాసిచ్చాడు.

చూపు మందగించిన ఆరాధన తండ్రి ఏలియా కర్ర ఊతంగా లోపలికి వచ్చాడు.

“మా నాయినమ్మ మంచిగ కనబడ్తుందా బిడ్డా? గా దొర చేతులు దేవుని చేతులని మా తాత సచ్చేదాక అన్నడు.”

“మంచిగ కనబడ్తుంది బాపూ.”

ఆరాధన వెంకటేశ్ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

“దుప్పటి మళ్ల ఎయ్యి.”