తిరుగుమాట

నేను ఒకటంటే మా బావ రెండనేవాడు. మా వడ్రంగం పద్దెనిమిదేళ్లు అలాగే సాగింది. ఆయన మా అక్క మొగుడు, నాకు పని నేర్పినవాడు. "నీ చేతికి ఉలి ఇచ్చే బదులు ఎలుకని కూర్చోబెడితే నయంరా, నున్నగా కొరుకుతుంది" అనేవాడు. ఆయన బట్టతల మీద చిత్రిక పడతానని నేననేవాణ్ణి.

ఆ ఏడు వానలు తగ్గాక ఆయన తిరుగుమాట అనడం మానేశాడు. ఏమన్నా "ఊఁ" అనేవాడు. ఒక తలుపు చట్రం పదకొండు రోజులు బల్ల మీదే ఉంది. ఆయన ఉలికి తుప్పు పట్టింది. ముందు ఆ తుప్పు చూశాను. మాసిన గడ్డం తర్వాత చూశాను.

"తెల్లారకముందే లేచి మంచం మీద కూర్చుంటున్నారురా. ఏమైందంటే ఏం లేదంటారు. కంచంలో సగం వదిలేస్తున్నారు" అంది అక్క.

"బద్ధకం. నాలుగు ఎకసెక్కాలు తగిలిస్తే తనే లేస్తాడు" అన్నాను.

తగిలించాను. మా వరసకి హాస్యమే మందనుకున్నాను.

"బావా, ఆ స్టూలుకి నువ్వు కాపలానా, నీకు అది కాపలానా?"

"ఊఁ" అన్నాడు.

"ముసలి పెళ్లికొడుకు అలిగాడేం?"

మళ్లీ అదే "ఊఁ". ఒక మధ్యాహ్నం ఇంకో మెట్టు ఎక్కాను.

"నువ్వు లేకపోయినా ఈ కొట్టు నడుస్తుందిలే బావా. ఇంకా బాగా నడుస్తుంది."

ఆయన తలెత్తాడు. చాలా రోజుల తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"నిజమేరా. నేనూ అదే అనుకుంటున్నాను."

ఆ మాటలో ఎకసెక్కం లేదు. నా చేతిలో రంపం ఆగిపోయింది. కర్రలో పుచ్చు పైకి కనబడదు, తట్టి చప్పుడు వినాలి. పద్దెనిమిదేళ్లుగా నేను కర్రల్నే తట్టాను.

పక్కన కూర్చున్నాను. సూటిగానే అడిగాను.

"బావా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

రంపపు పొట్టు చాలాసేపు వేళ్లతో నలిపాడు.

"పొద్దున్నే లేవాలంటే, లేవడానికి లోపల ఎవడూ లేడురా. అప్పుడప్పుడు నువ్వన్నదీ అనిపిస్తోంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు నవ్వించడం మొదలెట్టక ముందు నుంచీ."

కొట్టు మూసి, అక్కని పిలుచుకుని, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఆయనతో విడిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత మమ్మల్ని పిలిచింది.

"ఇది బద్ధకం కాదు. డిప్రెషన్ అనే జబ్బు. మందు పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా ఒంటరిగా వదలకండి."

"మేమేం తక్కువ చేశామమ్మా?" అంది అక్క.

"ఎవరూ ఏమీ తక్కువ చేయకపోయినా వస్తుందమ్మా."

నేను నేల చూశాను.

మాత్రలు అక్క దగ్గరే ఉంటాయి. పొద్దున్నే వెళ్లి బావని కొట్టుకి తీసుకొస్తాను. పని చెప్పను. ఆయన స్టూలు మీద కూర్చుంటాడు. నేను పని చేసుకుంటాను. కొట్టులో రంపం చప్పుడు తప్ప ఇంకేం ఉండదు.

ఆరో వారంలో ఒకరోజు తలుపు రెక్కకి చిత్రిక పడుతున్నాను. వెనక నుంచి బొంగురు గొంతు వినబడింది.

"చిత్రిక పడుతున్నావా, దానికి గడ్డం గీస్తున్నావా?"

తిరిగి చూడలేదు. జవాబు నాలుక చివరే ఉంది, మింగేశాను. మళ్లీ వెక్కిరిస్తాడేమోనని ఆ పూటంతా చిత్రిక కావాలనే వంకరగా పట్టాను. ఇంకో మాట రాలేదు. సాయంత్రం చూస్తే ఆయన గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

రేపు పాడు చేయడానికి ఇంకో చెక్క తీసి పక్కన పెట్టాను.