డ్రైవర్ వైపు స్ప్రింగు

బోల్టులన్నీ కారు గాల్లో ఉండగా బిగించారు. తప్పు అక్కడే జరిగింది. ఆ సంగతి తెలియక వానాకాలమంతా డాక్టరమ్మ రోడ్ల మీద గుంతల్ని, ఆ రోడ్లు వేసినవాళ్ళని, వాళ్ళని కన్నవాళ్ళని తిట్టుకుంటూ తిరిగింది.

నిజానికి ఆమె డాక్టరు కాదు, ఫిజియోథెరపిస్టు. మోకాళ్ళూ నడుములూ అరిగినవాళ్ళని నిలబెట్టి నడిపించడం ఆమె పని. ఆ తేడా వీధంతటికీ చెప్పి చెప్పి, నోరు నొప్పెట్టి మానేసింది.

రోజూ పొద్దున ఒకటే వరస. టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, తాళం తీసుకుని బయటికొస్తుంది. గేటు తెరిచి కారు చుట్టూ ఒకసారి తిరుగుతుంది. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. ఒకప్పుడు ఎరుపు. నేలకి జానెడెత్తున ఉంటుంది. దాని మీటరు ఒకసారి చివరిదాకా తిరిగి, సున్నాల దగ్గరికొచ్చి, మళ్ళీ మొదలుపెట్టి చాలా దూరం వచ్చేసింది. ఎవరూ ఎక్కకముందే అది డ్రైవర్ వైపుకి ఒరిగి ఉంటుంది. ఎందుకంటే ఆ సీట్లో నాన్న ఉన్నాడు.

నాన్న పోయి రెండేళ్ళు దాటింది. మనిషి ఆసుపత్రిలో పోయాడు, బరువు మాత్రం కార్లో ఉండిపోయింది. బతికినన్నాళ్ళూ ఆ సీటు ఇంకొకరికి ఇవ్వని మనిషి పోయాక ఇస్తాడని ఎవరూ అనుకోలేదు కూడా. పేపరు వేసే అతను గేటు దగ్గర ఆగి ఖాళీ సీటుకి తలూపి వెళ్తాడు. కూడలిలో కానిస్టేబుల్ కారు ఒరుగు చూసి, "పెద్దాయన్ని కూడా కలిపి బెల్టు పెట్టారుగా?" అని అడుగుతాడు. పెట్టానంటుంది. ఇద్దరికీ ఒకటే సీటు, ఒకటే బెల్టు. యాభై దాటిన మనిషి రోజూ నాన్న ఒళ్ళో కూర్చుని ఉద్యోగానికి వెళ్తోంది.

రెండు బరువులూ ఒక పక్కే పడితే ఏ కారైనా ఎన్నాళ్ళు మోస్తుంది? ఎండాకాలంలో బావ షెడ్డుకి తీసుకెళ్ళింది. బావంటే నాన్న అక్కగారి కొడుకు, పాత కార్లు బాగుచేస్తాడు. షాకబ్జర్లు మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, చక్రాలని కారుకి పట్టి ఉంచే ఇనప చేతుల్లోని రబ్బరు బుష్‌లన్నీ మార్చాడు. కారు కొత్తపెళ్ళికూతురిలా వచ్చింది. వానలు ముగిసేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. గుంతలో పడితే టక్కు, పడకపోయినా టక్కు.

ఆ టక్కు విని అన్నయ్య వచ్చాడు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

"వీధి చివర్నుంచే వినబడుతోంది. ఇక చాలు బుజ్జీ. పాత కార్ల మ్యూజియం అతనితో మాట్లాడేశాను. ఆదివారం సాయంత్రం లారీ తెచ్చి ఎక్కించుకుపోతాడు. అద్దాల హాలు, చుట్టూ తాడు, మంచి లైట్లు. నాన్న హాయిగా ఆ సీట్లోనే ఉండొచ్చు. ఓనరు దిగని కారు ఇంకెక్కడా లేదని అతను ఎగిరి గంతేశాడు."

"మరి నేనెందులో వెళ్ళాలి?"

"అందరూ ఎందులో వెళ్తున్నారో అందులో. ఈ వయసులో నీకు స్పోర్ట్స్ కారేంటి? నలుగురూ నవ్వుతున్నారు."

"ఆ నలుగురికీ మోకాళ్ళ నొప్పులే. రేపు నా దగ్గరికే వస్తారుగా, అప్పుడు నవ్వమను."

అన్నయ్య అమ్మ వైపు చూశాడు. నాన్న పోయాక కారు కాగితాలు అమ్మ పేరు మీదకి వచ్చాయి. ఆవిడ బఠాణీలు ఒలుస్తూ తలెత్తకుండానే తీర్పు చెప్పింది.

"ఆదివారం దాకా చూస్తాను. కారు సరిగ్గా నిలబడితే బుజ్జి ఉంచుకుంటుంది. ఒరిగితే వాడు చెప్పినట్టే పంపించేద్దాం. ఆ చప్పుడుకి నాకు గుండెదడ వస్తోంది."

డాక్టరమ్మ మర్నాడే సెలవు పెట్టి షెడ్డుకి వెళ్ళింది. బావ కారుని లిఫ్టు మీద పైకి లేపాడు. ఇద్దరూ కింద నిలబడి టార్చి వేసి చూశారు. బుష్ అంటే ఇనప గొట్టానికి అతికించిన రబ్బరు ముద్ద. చక్రం ఎగిరిపడినప్పుడల్లా ఆ రబ్బరు కాస్త మెలితిరిగి మళ్ళీ వెనక్కొస్తుంది. డ్రైవర్ వైపు రబ్బరంతా ఒకే దిక్కుకి మెలిపడి, తడిబట్ట పిండినట్టు పిండుకుని, చీలికలైపోయి ఉంది.

"బావా, ఈ బోల్టులు బిగించినప్పుడు కారు నేల మీద ఉందా, ఇలా పైన ఉందా?"

బావ చేతులు తుడుచుకునే గుడ్డతో చెవి గోక్కున్నాడు. "పైనే. నేల మీద ఉంటే మావయ్య బరువుకి ఓ పక్క కుంగుతుంది కదా. గాల్లో అయితే చక్రాలు వేలాడతాయి, ఆయన బరువు స్ప్రింగులకి తెలీనే తెలీదు. రెండు పక్కలా సమానంగా కనబడింది, బిగించేశాను. పైగా పెద్దాయన కూర్చునుంటే కింద దూరి పని చేయడం... మర్యాదగా ఉండదు."

"నీ మర్యాద తగలెయ్య! నేను ఒకాయనకి మంచం మీద కాలు వేలాడేయించి మోకాలి పట్టీ బిగించి, లేచి నడవండీ అన్నాననుకో. ఏమవుతుంది?"

"నిన్ను తిడతాడు."

"ముందు పట్టీ చిరుగుతుంది. తర్వాత తిడతాడు. ఈ రబ్బరూ అంతే, వేలాడుతుండగా బిగిస్తే కారు కిందికి దించగానే మెలిపడుతుంది. నిలబెట్టి, బరువు మోపించి, అప్పుడు బిగించాలి. గాల్లో ఉన్నప్పుడు అందరి కాళ్ళూ బాగానే ఉంటాయి."

బావ ఒప్పుకున్నాడు. కానీ అతనికీ ఒక అనుమానం ఉంది. "నేల మీద బిగిస్తే ఆ ఒరుగుతోనే బిగుసుకుంటుంది, ఎప్పటికీ సమం కాదు. దానికో ఉపాయం చెప్తా విను. డ్రైవర్ వైపు మాత్రం ఇంకాస్త గట్టి స్ప్రింగు వేద్దాం. మావయ్య అక్కడే ఉంటాడు, కారు సమంగా ఉంటుంది. ఎవరికీ గొడవుండదు. సర్దుకుపోవాలి మరదలా."

ఆ ఇంట్లో అందరూ అదే చేశారని ఆమెకి తట్టింది. నాన్న ఉన్న వైపు ఎవరికి వాళ్ళు గట్టి స్ప్రింగు వేయించుకున్నారు. అన్నయ్య తనకి ఇష్టంలేని చదువు చదివాడు. అమ్మ పుట్టింటికి వెళ్ళడం ఆయనకి తీరుబడి అయినప్పుడే. తనైతే డ్రైవింగ్ స్కూలు వాళ్ళ డొక్కు కారు మీద నేర్చుకుంది, ఇంట్లో కారుండగా. చూసేవాళ్ళకి అంతా సమంగానే కనిపించేది.

"వద్దు," అంది. "అది వేస్తే ఆయనకి శాశ్వతంగా పెద్దపీట వేసినట్టే. రెండు పక్కలా ఒకే స్ప్రింగు ఉంటుంది. ఆయన్నే జరుపుదాం."

బావ చేతిలో స్పానర్ కాలి మీద పడింది. "ఎవర్ని? మావయ్యనా? సినిమా హాల్లో సీటు జరగమంటే జరక్క ఆట ఆపించిన మనిషి!"

"నేనూ ఆయన కూతుర్నే."

ఆదివారం మధ్యాహ్నానికి కొత్త బుష్‌లన్నీ కూర్చున్నాయి. కారుని లిఫ్టు దింపి, షెడ్డు చివర ఉన్న గొయ్యి మీదకి తోశారు. చక్రాలు గట్టు మీద, మనిషి గోతిలో నిలబడి పని చేసే ఏర్పాటు. బోల్టులు అన్నీ తొడిగి ఉన్నాయి, ఒక్కటీ బిగించలేదు. కారు ఎప్పటిలాగే డ్రైవర్ వైపుకి ఒరిగి ఉంది. అన్నయ్య అమ్మని తీసుకుని వచ్చాడు. అమ్మ స్టూలు మీద కూర్చుంది.

డాక్టరమ్మ డ్రైవర్ తలుపు తీసి పట్టుకుంది.

"నాన్నా, పక్క సీట్లోకి జరుగు."

స్ప్రింగు కదల్లేదు.

"బుజ్జీ! నాన్నతో మాట్లాడే పద్ధతేనా అది?" అన్నాడు అన్నయ్య.

"ఇన్నాళ్ళూ మాట్లాడకే ఇలా ఒరిగింది." ఆమె వెనక్కి తిరగలేదు. "స్టీరింగ్ పట్టుకున్నవాడిదే సీటు, పక్కనున్నవాళ్ళు కిక్కురుమనకూడదు. నువ్వన్న మాటే కదా నాన్నా? అయితే పట్టుకో. చూస్తాం."

అందరూ స్టీరింగ్ వైపు చూశారు. దాని మీద ఒక ఈగ వాలింది.

"గేరు వెయ్యి. పోనీ ఆ హారనైనా కొట్టు." ఈగ తీరిగ్గా చక్రం చుట్టూ నడిచింది. "నీ బరువుంది నాన్నా, చేతుల్లేవు. తిప్పేది నేను, తొక్కేది నేను, పంక్చరైతే రోడ్డు మీద కూర్చుని టైరు మార్చేది నేను. నీ ఒళ్ళో కూర్చుని నడపడం ఇవాల్టితో సరి. జరిగితే బోల్టులు బిగిస్తాను. జరగకపోతే ఇవి ఇలాగే ఉంటాయి. వదులు బోల్టులతో మ్యూజియానికీ పోలేవు, రోడ్డూ ఎక్కలేవు. ఈ గోతి మీదే ఉంటావు, బావ మొహం చూసుకుంటూ."

"మధ్యలో నా మొహమేం చేసింది?" అని గొణిగాడు బావ.

ఆమె ఒక ఖాళీ నూనె డబ్బా బోర్లించుకుని తలుపు పక్కనే కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. అన్నయ్య గడియారం చూసుకున్నాడు. బయట లారీ ఆగిన చప్పుడైంది.

అప్పుడు అమ్మ లేచింది. కారు చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీటు తలుపు తీసింది. ఆ సీట్లో ఆవిడ పరుపుదిండు ఉంది. పెళ్ళైన కొత్తలో నడుంనొప్పికని కుట్టుకున్నది, గవ్వలా వంగిపోయింది. దాన్ని తీసి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుంది.

"బుజ్జి అడిగింది సబబే," అంది ఖాళీ సీటుతో. "ఈ సీటు నేను ఖాళీ చేశాను. ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చుని, మీరు లారీల పక్కనుంచి దూరుస్తుంటే లేని బ్రేకు తొక్కుతూ వచ్చాను. ఇప్పుడు మీరు కూర్చోండి. తెలుస్తుంది."

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఎక్కడో ఇనుము కిర్రుమంది. డ్రైవర్ వైపు కారు, చాలాకాలం మడిచి ఉంచిన మోకాలు చాపినట్టు, మెల్లగా పైకి లేచింది. ఆ వెంటనే అవతలి పక్క ధబ్బున దిగింది, అలిగిన మనిషి కూర్చున్నట్టు.

"జరిగాడు," అన్నాడు బావ, గొంతు తగ్గించి.

ఇక కావలసింది డ్రైవర్ సీట్లో ఒక మనిషి బరువు. డాక్టరమ్మ కింద గోతిలో ఉండాలి, బావ ఒక్కో బోల్టు రెండో కొస తిరగకుండా పట్టాలి. అన్నయ్య చొక్కా చేతులు మడిచాడు. "సరే, నేను కూర్చుంటాలే."

తిరిగి చూసేసరికి అమ్మ పరుపుదిండు డ్రైవర్ సీట్లో వేసుకుని ఎక్కి కూర్చునుంది. చీర కుచ్చిళ్ళు లోపలికి లాక్కుని తలుపు కూడా వేసేసుకుంది.

"నేను సరిపోతానా?"

డాక్టరమ్మ ఒంగుని రెండు పక్కలా చక్రాల మీది ఖాళీలో వేళ్ళు పెట్టి చూసింది. రెండూ ఒకటే. "సరిగ్గా సరిపోయావు. కదలకు."

గోతిలోకి దిగి, ఒక్కో బోల్టూ రెంచి 'టిక్' అనేదాకా బిగించింది. ఈసారి రబ్బరు మెలిపడలేదు. పైన అమ్మ పాదాలు ఏదో వెతుకుతున్న చప్పుడు వినిపించింది.

"బుజ్జీ, ఇక్కడ మూడున్నాయేంటే? కాళ్ళు రెండే కదా?"

"మధ్యది బ్రేకు. తొక్కి చూడు."

"ఉంది!" అంది అమ్మ. "నిజంగానే ఉంది. తొక్కితే దిగుతోందే!"

లారీ దిగి వచ్చిన మ్యూజియం అతను అన్నయ్య పక్కన నిలబడి కారులోకి వంగి చూశాడు. అతని మొహం చిన్నబోయింది. "ఓనరు ఆ సీట్లోనే ఉంటాడన్నారు..."

"ఓనర్ని నేనే," అంది అమ్మ. "సీట్లోనే ఉన్నాను. ఎక్కించుకుపోతావా?"

"అమ్మా, దిగు," అన్నాడు అన్నయ్య.

"మీ నాన్న దిగాడట్రా ఎప్పుడైనా? నేనిప్పుడేగా ఎక్కాను."

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

అమ్మ డెబ్భై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. స్కూలు మైదానంలో మొదలుపెట్టింది. ఆవిడ మలుపు తిప్పినప్పుడల్లా పక్క సీటు వైపు కారు ముందుకి గభాలున వంగుతుంది. నాన్న బ్రేకు తొక్కుతున్నాడన్నమాట. అక్కడ బ్రేకు లేదు. అమ్మ అద్దంలో చూసుకుని పైట సర్దుకుంటుంది. లైసెన్సు వచ్చిన వారమే తన అక్కని చూడడానికి ఊరి అవతలికి వెళ్ళింది, ఎవరి తీరుబడీ చూడకుండా. ఆదివారాలు కారు ఆవిడది, మిగతా రోజులు కూతురిది. ఇద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్ళాలంటే, నాన్నని ఇంటి దగ్గర వదిలి బస్సెక్కుతారు.

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. మరుసటి వానల్లో ఒక పొద్దున డాక్టరమ్మ గేటు తెరిచేసరికి కారు మళ్ళీ డ్రైవర్ వైపుకి ఒరిగి ఉంది.

"జరుగు నాన్నా."

జరగలేదు. గొడుగు మీద వాన దరువేస్తోంది. క్లినిక్‌లో తుంటి ఎముక విరిగిన ముసలావిడ ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ ఒక్కరోజుకే కదా అనిపించింది. ఆ ఇంట్లో ప్రతి స్ప్రింగూ ఆ మాటతోనే కుంగింది. తలుపు వేసేసి, మోకాళ్ళదాకా తడుస్తూ బస్‌స్టాపుకి నడిచింది. ఆలస్యంగా వెళ్ళి మాటపడింది. మర్నాడూ కారు ఒరిగే ఉంది. మర్నాడూ బస్సే.

ఆ తర్వాతి రోజు వాన తెరిపిచ్చింది. కప్పు కడిగి బోర్లించి, తాళం తీసుకుని బయటికొచ్చింది. కారు పక్క సీటు వైపుకి ఒరిగి ఉంది. తలుపు తీసి, ఎక్కి కూర్చుని, తనొక్కదానికే బెల్టు పెట్టుకుంది. కారు సమంగా నిలబడింది.