వేళ్ళకు తెలియని పిన్ను

కారు కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, గేర్‌బాక్సు పక్కనున్న కనెక్టరును పట్టుకుని, ఒక్కొక్క తీగనూ వెనక నుంచి నొక్కి చూస్తున్నాడు లోకనాథం. పిన్ను వదులైతే వేలి కింద కాస్త జరుగుతుంది. అది కంటికి కనపడదు, వేలికే తెలియాలి. కళ్ళు మూసుకున్నాడు. ఏదీ జరిగినట్టు అనిపించలేదు. అసలు ఏదీ అనిపించలేదు. ఈ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియకూడదనే ఏడాదిగా అతని తాపత్రయమంతా.

చక్కెర జబ్బు ముందు పాదాలను మొద్దుబార్చి, తర్వాత చేతుల మీదికి వచ్చింది. చొక్కా బొత్తాలు భార్య సెల్లమ్మ పెడుతోంది. కాఫీ వేడో చల్లనో పెదవికి తగిలితేగాని తెలియదు. ఇంట్లో ఇవన్నీ చెల్లుతాయి, తిరువళ్ళూరు షెడ్డులో చెల్లవు. తిరుత్తణి అవతల పొదటూరుపేటలో నేతగాళ్ళ ఇంట పుట్టినవాడు. తెగిన పోగును చూడకుండానే పట్టి ముడివేయడం తండ్రి నేర్పాడు. మగ్గం మూలపడ్డాక ఆ వేళ్ళనే కార్ల తీగలకు అప్పగించి ఇన్నాళ్ళు బతికాడు. ఇప్పుడు వేళ్ళే పోతుంటే ఇంకేం మిగిలింది, మట్టి!

కారు సుగంధిది. తిరుత్తణిలో చీరల కొట్టు ఆమెకు. పోలియో వచ్చిన ఎడమకాలితో క్లచ్చు తొక్కలేదు గనక ఆటోమేటిక్ బండి కొనుక్కుంది. నిన్న కొండ మీద పూజ చేయించుకుని వస్తుంటే మూడో గేరులో ఇరుక్కుపోయింది. గేరు లివరు ఏ స్థానంలో ఉందో కంప్యూటరుకు సమాచారం అందడం లేదని స్కానరు చెప్పింది. తప్పు లివరు దగ్గరైనా ఉండాలి, ఈ కనెక్టరులోనైనా ఉండాలి.

"కనెక్టరు ఎట్లుండాది అన్నా? నేనొగసారి చూడనా?" అన్నాడు స్కానరు పట్టుకున్న జీవా. షెడ్డులో రెండో ఎలక్ట్రీషియను అతనే.

"బాగుండాది. నీ బండి నువ్వు చూసుకో పో."

లేచి వచ్చి లివరు చుట్టూ ఉన్న మూత విప్పాడు. లోపలంతా జిగురు, కుంకుమ, విభూతి. కొండ మీద బండికి పూజంటే గేరు మీద కొబ్బరినీళ్ళు పోస్తేగాని ఈ ప్రాంతం వాళ్ళకు తృప్తి ఉండదు. ఇలాంటి బండ్లు ఎన్నింటినో బాగుచేశాడు. లోకనాథానికి ప్రాణం లేచివచ్చింది. కంటికి కనపడే తప్పు దొరికింది, ఇక తడుముకునే పని లేదు. శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, ఒక చుట్టు తిప్పి వచ్చాడు. గేర్లు వరసగా పడ్డాయి. కింద తాను నొక్కినప్పుడే పిన్ను తాత్కాలికంగా అతుక్కుని ఉండొచ్చన్న ఊహ అతనికి రాలేదు. రానివ్వలేదు.

"సామి నీళ్ళు లోపలికి దిగినాయమ్మా. భయం లే, పో."

"నువ్వు చెప్తే సరి అన్నా," అని సుగంధి బయలుదేరింది.

మధ్యాహ్నం కారును తాడు కట్టి లాక్కొచ్చారు. రైల్వే బ్రిడ్జి ఎక్కుతుండగా మళ్ళీ మూడో గేరులో పడి నీరసించిందట, వెనక లారీ తగిలిందట. చేతికర్ర ఊతంగా దిగిన సుగంధి నుదురు బొప్పికట్టి ఉంది. "నువ్వు చెప్పినావనే పోతిని అన్నా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

లోకనాథం మళ్ళీ కారు కిందికి దూరాడు. చెయ్యి చాచి కనెక్టరును వెతుక్కున్నాడు. తీగలు తెలియలేదు, పిన్నులు తెలియలేదు. పైన నిలబడిన జీవాకు ముందు వాసన తెలిసింది.

"అన్నా, చెయ్యి తియ్యి. కాల్తా ఉండాది."

ఇంకా చల్లారని సైలెన్సరు గొట్టానికి ఆనుకున్న అరచేతి అంచు తెల్లగా ఉడికిపోయింది. లోకనాథం ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. జీవా కారు కిందికి దూరి కనెక్టరును ఒక్క నొక్కు నొక్కి, "పిన్నొగటి వెనక్కి పోయిండాది మొదలాళీ," అని షెడ్డు యజమాని వేలాయుధానికి చెప్పాడు.

వేలాయుధం తనే మందు తెచ్చి పూశాడు. పూస్తూ అడిగాడు. "ఎన్నాళ్ళుగా ఇట్లా?"

లోకనాథం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఆయమ్మకు ఏమన్నా అయ్యుంటే ఎవురు జవాబు చెప్పేది అన్నా? రేపట్నించి రావద్దు. ఇంట్లో ఉండు."

మీ నాయన కాలం నుంచి ఈ షెడ్డుకు కూడు పెట్టింది ఈ చేతులే కదరా అని గొంతుదాకా వచ్చింది. కానీ ఆ చేతులిప్పుడు ఏవని చూపిస్తాడు? "సరిప్పా," అన్నాడు. సుగంధి వైపు తిరిగి, "నా తప్పేనమ్మా. వేళ్ళకు తెలీలేదు, తెలిసినట్టు చెప్పినాను," అన్నాడు. ఆమె నుదురు పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుంది.

భుజాన సంచి వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, బండ్లు కడిగే చోట బురద తొక్కుకుంటూ లోకనాథం స్టేషను దారి పట్టాడు. ఎండకు తారు మెత్తబడి ఉంది. జీవా గేటు దాకా పరుగెత్తి రెండుసార్లు కేకవేశాడు. లారీల హారన్లలో అది వినపడలేదు. వట్టి ఎడమపాదం ఆ తారు మీద మోపుతూ, ఎక్కడా ఉలిక్కిపడకుండా, లోకనాథం నిదానంగా మలుపు తిరిగిపోయాడు.

బురదలో కూరుకుపోయిన అతని ఎడమ చెప్పు, మడమ దగ్గర గుంటపడి అరిగినది, గేటు వైపు మొనపెట్టి అలాగే ఉంది.