కుట్టు తిరగేసి చూస్తే

ఆ కుట్టుదుకాణంలో అక్క కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి. నోరూ కత్తెరా ఒకేలా ఆడతాయని వచ్చేపోయేవాళ్ళు అక్కకి 'పెద్దకత్తెర' అని పేరు పెట్టారు. మిషను తొక్కితే ఆగదని చెల్లెల్ని 'రైలుబండి' అనేవారు. కోటు లోపలి పని, చేత్తో కుట్టే కాజాలు, ఎవరూ ముట్టని చిక్కుపని ఏది వచ్చినా "ఇలా తే" అని లాక్కునేది.

అలాంటి రైలుబండి ఒక చలికాలం ఉన్నట్టుండి నెమ్మదించింది. పదకొండింటికి గానీ వచ్చేది కాదు. వచ్చాక సూదిలో దారం ఎక్కించడానికి కూడా ముహూర్తం చూసుకుంటున్నట్టు కూర్చునేది. కోట్లు పక్కకి తోసేసి, చిరిగిన అంచులూ ఊడిన గుండీలూ ఏరుకునేది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?" అని అక్క అడిగింది.

"బాగానే ఉందక్కా. చెయ్యాలనిపించట్లేదు, అంతే."

"ఎక్కడైనా నొప్పా?"

"అబ్బే. పొద్దున్న లేవగానే వేళ్ళు కాస్త బిగుసుకుంటాయి. దానివల్ల కాదు. ఆ కోటు చూస్తే కొండ ఎక్కమన్నట్టుంది."

కుట్టుపనివాళ్ళకి మనిషిని అంచనా కట్టే పద్ధతి ఒకటుంది. మాట వినరు, మొహం చూడరు, బట్ట తిరగేసి కుట్టు చూస్తారు. జబ్బుపడ్డ చెయ్యైనా, ఏడ్చిన కళ్ళైనా అక్కడ దొరికిపోతాయట. పెద్దకత్తెర ఆ సాయంత్రం చెల్లెలు కుట్టిన అంచులన్నీ తిరగేసి చూసింది. ఒక్క కుట్టు వంకర పోలేదు. చెయ్యి నిక్షేపంలా ఉంది కాబట్టి ఇది బద్ధకమేనని తేల్చేసింది. మహా తెలివి.

తేల్చిన మాట కడుపులో దాచుకుందా అంటే అదీ లేదు. చెల్లెలి కుర్చీలో కొత్త పనామెని కూర్చోబెట్టి, అందరి ముందూ అనేసింది.

"నీకు ఒళ్ళు వంగట్లేదే. చెయ్యి బాగుండి కూడా చెయ్యనిదాన్ని నేను మొయ్యలేను. బుద్ధి పుట్టినప్పుడు రా."

చెల్లెలు సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఎదురు చెప్పడానికైనా ఓపిక ఉండాలిగా.

ఏడాదిన్నర ఇద్దరి మధ్యా మాటల్లేవు. చెల్లెలే దిగిరావాలని అక్క భీష్మించుకు కూర్చుంది. చివరికి ఎదురింటి నర్సు చెబితే తెలిసింది, చెల్లెలు ఆసుపత్రి చుట్టూ తిరుగుతోందని. ఆ రోజు దుకాణం మూసేసి ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. కీళ్ళవాతం. ఒంట్లో వాపు ఎడతెగకుండా రగులుతుంటే ఆ కబురు మెదడుకీ చేరుతుంది. చెయ్యగలిగిన పనే అయినా కష్టపడటానికి మనసు ఒప్పుకోదు, చిన్నపని కూడా మోయలేని బరువులా కనబడుతుంది.

"కొందరికి కీళ్ళు పాడవకముందే ఇది మొదలవుతుందమ్మా. బద్ధకం అనుకుని ఊరుకుంటారు. అప్పుడే వచ్చుంటే వేళ్ళు దక్కేవి."

బయట బెంచీ మీద చెల్లెలు కూర్చుని ఉంది. మొహం తేటగా ఉంది. అక్కని చూసి నవ్వింది కూడా.

"అప్పుడే ఎందుకు చూపించుకోలేదే?" అని అడిగింది అక్క.

"ఏమని చూపించుకోను? కుట్టు చూసి నువ్వే చెప్పావు. నీ అంచనా ఎప్పుడైనా తప్పిందా? నిజమే కాబోలు అనుకున్నా. బద్ధకానికి డాక్టరెందుకులే అని పడుకున్నా."

అక్క ఆ బెంచీ మీద కూలబడి, చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోకుండా ఏడ్చింది. తన నోటిని తనే కుట్టేసుకోవాలనిపించింది.

"ఊరుకో అక్కా," అంది చెల్లెలు. "మందులు పనిచేస్తున్నాయి. నెల నుంచి తెల్లారకముందే మెలకువ వచ్చేస్తోంది. ఎవరి చొక్కా చూసినా ఆ కాజా నేనైతే ఇంకా బాగా కుట్టేదాన్ని అనిపిస్తోంది. కుట్టాలని ఉందక్కా. ఒకటే కుట్టాలని ఉంది."

అలా అంటూనే చెల్లెలు అక్క కళ్ళు తుడవబోయింది. జేబురుమాలు పట్టు దొరక్క జారిపోయింది. అక్క ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. సూది పట్టగల వేలు వాటిలో ఒక్కటి కూడా మిగల్లేదు.